మిషను దొరగారి గాజు పలకలు

నేను ఏలూరు వెళ్ళింది ఒక ఫోటోకి అనుమతి అడగడానికి. పొద్దున్న రైలెక్కి రాత్రికి ఇల్లు చేరతాననుకున్నాను. మూడు రోజులు పట్టింది.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. మాది విశాఖపట్నం. రిటైరై చాలా ఏళ్ళయింది. కంప్యూటరు ఒక గదంతా ఉండే రోజుల్లో నేను పంచ్ ఆపరేటర్‌ని. అట్ట కార్డుల మీద చిల్లులు కొట్టే మిషను ముందు కూర్చుని కాగితాల్లో వివరాలను చిల్లులుగా మార్చడం నా పని. ఆ చిల్లుల్ని చూసి ఇంకో మిషను లెక్కలు తీసేది. ఆ ఉద్యోగమంటే నాకు ఇప్పటికీ గర్వమే. అందుకే ఒక మాసపత్రికలో పాత ఆఫీసు మిషన్ల గురించి రాస్తుంటాను. అవన్నీ కలిపి చిన్న పుస్తకం వేద్దామనుకుంటున్న సమయంలో ఏలూరు నుంచి నా వ్యాసాలు చదివే రేష్మా అనే స్కూల్ టీచరు ఒక ఫోటో పంపింది.

చాలా పాత ఫోటో. ఏదో పరాయి దేశం. ఆరుగురు అమ్మాయిలు వరసగా పంచ్ మిషన్ల ముందు కూర్చున్నారు. కుడి నుంచి రెండో అమ్మాయి మిషను వదిలేసి కెమెరా వైపు తిరిగి నవ్వుతోంది. వెనక పెన్సిలుతో, తెలుగులో, చిన్నపిల్లల అక్షరాలు: "మిషను దొరగారి చెల్లెలు హానా."

ఆ నవ్వు చూడగానే నా పుస్తకం అట్ట దొరికిందనుకున్నాను.

తంగెళ్ళమూడి

ఏలూరు స్టేషన్లో దిగేసరికి పదకొండయింది. ఎండ నెత్తిన కూర్చుంది. ఆటో అతను తంగెళ్ళమూడికి నూట ఇరవై అన్నాడు. మా ఊళ్ళో అయితే బేరమాడేదాన్నే, కానీ అతను అంత మెత్తగా "మీ ఇష్టమండీ, ఎక్కండి" అనేసరికి నోరు రాలేదు. తివాచీలు నేసే ఇళ్ళు దాటి ఒక సందులో దింపాడు. గుమ్మంలో కుర్చీ వేసుకుని జైతూన్ గారు ఎదురు చూస్తున్నారు. రేష్మాకి నాయనమ్మ. తొంభైకి దగ్గర పడ్డారు. ఒక కన్ను కనిపించదు, రెండోది మసక.

"రండమ్మా, ఎండన పడి వచ్చారు. ముందు మంచినీళ్ళు తాగండి. ఫోటో ఎక్కడికీ పోదు" అన్నారు.

మిషను దొరగారంటే ఎవరో చర్చి మిషన్ తెల్లదొర అనుకున్నానని చెప్పాను. ఆవిడ నవ్వారు. "అది చిన్నప్పుడు నేనే రాశాను. ఊరంతా అలాగే అనుకున్నారండి. ఆదివారం ప్రార్థనకి పిలవడానికి కూడా వచ్చారు. ఆయన మిషన్లు బాగుచేసే మనిషి. పేరు ఎమిల్. యూదులు. మా నాన్నగారి షాపు పైన గదిలో ఉండేవారు."

జైతూన్ గారి తండ్రి రహీం గారు కుట్టుమిషన్లు, టైపు మిషన్లు రిపేరు చేసేవారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మద్రాసులో ఒక కంపెనీ ఈ ఎమిల్‌ని గోదావరి జిల్లాల్లో మిల్లులకీ ఆఫీసులకీ అమ్మిన లెక్కల మిషన్లు చూసుకోవడానికి పంపింది. వచ్చిన మనిషికి మన తిండి ఎలా అని జైతూన్ గారి తల్లి బెంగపెట్టుకున్నారట. తీరా చూస్తే ఆయన పందిమాంసం ముట్టరు, రొయ్యలూ తినరు. కొల్లేటి చేపల్లో కొరమీను తింటారు గానీ వాలుగ పెడితే కంచం పక్కకి జరుపుతారు.

"పొలుసులున్న చేపే తినాలంట వాళ్ళు" అన్నారు జైతూన్ గారు. "వాలుగకి పొలుసులుండవు కదండీ. చేపలావిడ వస్తే మా అమ్మ ముందు పొలుసులు చూసేది. శుక్రవారం సాయంత్రం రెండు కొవ్వొత్తులు కావాలి ఆయనకి. శనివారం స్క్రూడ్రైవరు ముట్టుకునేవారు కాదు."

ఆ మధ్యాహ్నం నాకు పెట్టిన పులుసు కూడా కొరమీనుదే. మామిడికాయ ముక్కలు వేశారు. విశాఖలో సముద్రపు చేప తిని పెరిగినదాన్ని, చెరువు చేపంటే చిన్నచూపు ఉండేది. రెండోసారి అడిగి వేయించుకున్నాను.

చెయ్యి కడుక్కుని వచ్చి సంగతికొచ్చాను. ఫోటో ఆవిడ చేతికిచ్చి, "ఈ అమ్మాయి నవ్వు నాకెంతో నచ్చిందండి. నేనూ ఆ వయసులో ఆ మిషను ముందే కూర్చున్నాను. దీన్ని నా పుస్తకం అట్ట మీద వేసుకుంటాను, మీరు సరేనంటే" అన్నాను.

"అట్ట మీదా?" అన్నారు. "ఆ పిల్లలు ఆ మిషన్ల మీద ఏం చేస్తున్నారో తెలుసామ్మా?"

"కార్డులు పంచ్ చేస్తున్నారు."

"దేనికి?"

"ఏవో ఆఫీసు లెక్కలై ఉంటాయి."

"జనాభా లెక్కలమ్మా. ఇంటింటికీ వెళ్ళి రాసుకొచ్చిన కాగితాలు. ఎవరి పేరేంటి, ఎక్కడుంటారు, ఏ మతం. హానాకి అది మొదటి ఉద్యోగం. వాళ్ళ నాన్నకి ఆ ఊళ్ళో ఫోటో స్టూడియో ఉండేది. కూతురు ఉద్యోగం చూసి మురిసిపోయి ఆయనే వెళ్ళి ఈ ఫోటో తీశారు. వాళ్ళింటి కార్డు కూడా హానా చేతికే వచ్చిందంట. యూదులు అన్న గడిలో చిల్లు తనే కొట్టి, ఇంటికొచ్చి నవ్వుతా చెప్పిందంట."

నాకు ఇంకా అర్థం కాలేదు. ఆవిడే చెప్పారు. యుద్ధం వచ్చింది. ఆ ఊరు వేరే చేతుల్లోకి పోయింది. యూదుల ఇళ్ళ తలుపులు ఒక్కొక్కటీ కొట్టారు. పక్కింటి జోలికి పోలేదు, ఎదురింటి జోలికి పోలేదు. సరిగ్గా ఆ ఇళ్ళకే వెళ్ళారు.

"యుద్ధం అయ్యాక ఉత్తరం వచ్చింది. నాకప్పుడు తొమ్మిదో పదో ఏళ్ళు. ఆయన మెట్ల మీద కూర్చుని చదివారు. ఇంట్లోవాళ్ళు ఏడుగురిలో ఒక్కరూ మిగల్లేదు. మా నాన్నతో ఆయన ఒకటే మాట, 'ఏ తలుపులు కొట్టాలో వాళ్ళకెలా తెలిసింది రహీం? మా హానా కొట్టిన చిల్లులు చూసే తెలిసింది' అని. నిజంగా ఆ కార్డులు చూసే వెళ్ళారో, ఇంకోలా తెలిసిందో మా నాన్నకి తెలీదు, ఆయనకీ తెలీదు. కానీ ఆయన అలాగే నమ్మారు. ఆ తర్వాత పట్టుమని ఏడాది లేరు ఇక్కడ. దూరపు చుట్టం ఎవరో బతికున్నారని వెళ్ళిపోయారు. అక్కడే పోయారని కబురొచ్చింది."

నా ఉద్యోగంలో మొదటి రెండేళ్ళూ నేను చేసింది జనాభా లెక్కల కార్డులే. వయసు గడి, చదువు గడి, మతం గడి. పక్క సీటు అమ్మాయితో పందెం వేసుకుని కొట్టేదాన్ని, ఎవరి కట్ట ముందు అయిపోతుందా అని. ఆ గడిలో అంకె కొడుతున్నప్పుడు ఒక్కరోజూ, ఒక్కసారీ ఆ కార్డు వెనక ఒక ఇల్లుందని అనుకోలేదు. నా వల్ల ఎవరికీ ఏమీ కాలేదు, అది నాకు తెలుసు. హానాకీ అలాగే అనిపించి ఉంటుంది, ఆ ఫోటో తీసిన రోజున.

అట్ట గురించి నేను మళ్ళీ మాట్లాడలేదు. జైతూన్ గారే అన్నారు, "మీరు మిషన్ల ఫోటోలు వెతుకుతారు కదమ్మా. అప్పట్లో ఫిల్ముకి బదులు గాజు పలకలే కదా, వాళ్ళ నాన్న ఫోటోలు తీసిన పలకలు ఒక పెట్టెడు తెచ్చారు ఎమిల్ గారు. పెళ్ళిళ్ళు, బడిపిల్లలు, పండగలు, దుకాణాలు, కంపెనీలవాళ్ళు తీయించుకున్న కొత్త మిషన్లు. వెళ్ళేటప్పుడు మా నాన్నకి అప్పజెప్పారు. ఒకసారి తమ్మిలేరు పొంగి ఇంట్లోకి నీళ్ళొస్తే, తడుస్తాయని తాడేపల్లిగూడెం మిల్లులో అటక మీద పెట్టించారు మా నాన్న. ఎమిల్ గారు రిపేరుకి వెళ్ళే మిల్లే అది. నాన్న పోయాక ఆడపిల్లని, వెళ్ళి ఎలా అడుగుతానని ఊరుకున్నాను. అందులో వాళ్ళింట్లోవాళ్ళంతా ఉన్న పలక ఒకటుంది. ఊరు విడిచే ముందు రోజు పెరట్లో ఎమిల్ గారే తీశారు. ఉత్తరం వచ్చాక ప్రతి ఆదివారం పొద్దున్న దాన్ని కిటికీకి ఎత్తిపెట్టి నాకు పేర్లు చెప్పించేవారు. ఈ కన్ను కూడా పోకముందు ఒక్కసారి చూడాలని ఉందమ్మా."

గూడెం

ఆ పూట వాళ్ళింట్లోనే ఉండి మర్నాడు బస్సెక్కాను. తాడేపల్లిగూడెం వచ్చిందని బస్సు ఆగకముందే తెలిసింది. ఉల్లిపాయల వాసన. మార్కెట్లో బస్తాలు ఇల్లెత్తున ఉన్నాయి. లారీల మధ్య నుంచి నడుస్తుంటే కళ్ళు మండి నీళ్ళు కారాయి. టిఫిన్ బండి ఆవిడ నన్ను చూసి, "కొత్తాండీ మీరు? రెండు రోజులుంటే అలవాటైపోద్దండి" అని పెసరట్టు మీద ఇంకాస్త ఉప్మా వేసింది.

మిల్లు యజమాని మనవడు సత్తిబాబు గారిల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. యాభైకి అటూ ఇటూగా ఉంటారు, వరి రైతు. మిల్లు తీసేసి చాలా కాలమైందిట. హాల్లో టీవీ పక్కన ప్లాస్టిక్ పూలకుండీ కింద ఏముందా అని చూస్తే, చేత్తో తిప్పే పాత లెక్కల మిషను! దాన్ని చూసి సంబరపడ్డాను. ఇది ఉందంటే పలకలూ ఉన్నట్టే.

"గాజు పలకలా అండీ?" అన్నారాయన. కాఫీ గ్లాసు కింద పెట్టారు. "ఉండేవండి. మిల్లు తీసేసేటప్పుడు అటక మీంచి దింపాం. పెట్టె చెదలు పట్టేసింది గానీ అద్దాలు బానే ఉన్నాయి. నల్లగా, మసిబట్టినట్టుగా."

"ఇప్పుడెక్కడున్నాయండీ?"

"కొల్లేటికోటలో మా వీర్రాజని ఉన్నాడండి, చేపల చెరువు చూస్తాడు. గట్టు మీద షెడ్డు వేసుకుంటూ కిటికీకి అద్దాలు కావాలంటే ఇచ్చేశాను. బాగా కడుక్కో, పనికొస్తాయని నేనే చెప్పానండి."

కడుక్కోమని చెప్పారు. ఆ మాట నాకు వెంటనే బుర్రకెక్కలేదు. ఎక్కాక ఆయనకి వివరంగా చెప్పాల్సి వచ్చింది, అది మసి కాదని, ఆ నలుపే ఫోటో అని, కడిగితే పోతుందని. ఆ ఫోటోల్లో ఉన్నవాళ్ళు ఎవరో కూడా చెప్పాను. ఆయన అంతా విన్నారు. తర్వాత లేచి చొక్కా వేసుకుని, "పదండి, నేనే తీసుకెళ్తాను" అని కారు తాళాలు అందుకున్నారు.

కొల్లేటికోట

ఆకివీడులో చేపల లారీలు అడ్డంగా నిలబడి ఉంటే అరగంట ఆగిపోయాం. ఐసు పెళ్ళలు కొడుతున్న చప్పుడు, రోడ్డు మీద కారుతున్న చేపల నీళ్ళు. సత్తిబాబు గారు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, "ఎన్ని ఉన్నాయో కూడా లెక్కపెట్టలేదండి నేను" అన్నారు.

ఆకివీడు దాటాక ఇక నీళ్ళే. మా ఊళ్ళో నీళ్ళంటే ఒకవైపే, ఇంకోవైపు కొండ ఉంటుంది. ఇక్కడ ఎటు చూసినా చెరువులు, మధ్యలో గట్లు, గట్ల మీద కొంగలూ గూడబాతులూ. గట్టు చివర కారు పోదన్నారు. దిగి నడిచాం. నా చెప్పు బురదలో దిగబడి తెగింది. దాన్ని అక్కడే వదిలేసి ఒంటి చెప్పుతో నడుస్తుంటే సత్తిబాబు గారు తన చెప్పులు విప్పి ఇచ్చారు. వద్దంటే ఒప్పుకోలేదు.

షెడ్డు దూరం నుంచే కనపడింది. రేకుల షెడ్డు, చెరువు వైపు వెడల్పాటి కిటికీ. చెక్క చట్రంలో నోటుపుస్తకమంత గాజు పలకలు, వరస మీద వరస. ఎండకి తళతళ మెరిసిపోతున్నాయి.

అంత శుభ్రంగా ఉన్నాయి.

వీర్రాజు భార్య మంగ బయటికొచ్చింది. మేము అద్దాలు చూడడానికి వచ్చామంటే ఆమె మొహం వెలిగిపోయింది. "నేనే తోమానండి అన్నీ. నల్లటి పొర అంటుకుపోయి ఎంతకీ వదల్లేదు. వేణ్ణీళ్ళలో సోడా వేసి నానబెట్టి, కొబ్బరిపీచుతో రుద్దితే అప్పుడొచ్చాయండి. నాలుగు రోజులు పట్టింది" అని చేతులు చూపించింది.

నేను ఆ కిటికీ ముందు నిలబడిపోయాను. అద్దాల్లోంచి చెరువు కనపడుతోంది. ఒక్కో అద్దంలో ఒక పెళ్ళి ఉండేది. ఒక బడి ఉండేది. ఒక వీధి, ఒక పండగ భోజనం. ఆ మనుషుల్ని చంపారు. వాళ్ళు ఉన్నారనడానికి మిగిలిన గుర్తులు సముద్రాలు దాటి ఇక్కడిదాకా వచ్చి, వరదల్లో తడవకుండా, అటక మీద చెదలకి దక్కకుండా ఇన్నేళ్ళు ఆగి, చివరికి కొబ్బరిపీచు కింద పోయాయి. ఎవరిని తిట్టాలి? కూలి చేసుకునే మనిషి. ఇంట్లోకి వెలుగు రావాలనుకుంది.

అక్కడే ఉన్న మేత బస్తా మీద కూర్చున్నాను. మంగ భయపడిపోయింది. "ఏమైందండీ? తప్పు చేశానాండీ?" అని సత్తిబాబు గారిని అడిగింది. ఆయన చెప్పారు. చెబుతూ, "తప్పు నాదే మంగా" అన్నారు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని విన్నది. చివర కింది వరస మూల అద్దం దగ్గరికెళ్ళి వేలితో చూపించింది. అక్కడ ఒక మూల పొర పూర్తిగా వదల్లేదు. కళ్ళద్దాలు సవరించుకుని చూశాను. ఒక మిషను పిడి, దాని మీద ఒక చెయ్యి. మణికట్టు దాకానే. ఆపైన చెరువు నీళ్ళు.

అప్పుడు మంగ లోపలికెళ్ళి మంచం కింది నుంచి పాత చీరలో చుట్టిన మూట తెచ్చింది. "ఇవి తోమలేదండి. వెలుగులో పెట్టి చూస్తే పిల్లలున్నట్టనిపించింది. నల్లటి మొహాలు, తెల్లటి జుట్టు, భయమేసింది ముందు. కానీ పసిపిల్లలండి. తుడవబుద్ధి కాలేదు."

మూడు పలకలు.

ఒకటి బడిపిల్లలది. ఒకటి ఏదో ఊరేగింపు, ముందు పిల్లలు జెండాలు పట్టుకుని నడుస్తున్నారు. మూడోదాన్ని ఆకాశానికి ఎత్తి పట్టుకుంటే పెరట్లో బెంచీ, దాని మీదా వెనకా మనుషులు, ఒకావిడ ఒళ్ళో పాప. లెక్కపెట్టాను. ఏడుగురు.

మంగ పలకని వెలుగుకి ఎదురుగా పట్టుకుంది. నేను ఫోన్‌తో ఫోటో తీసి, నలుపూ తెలుపూ తిరగేశాను. నల్లటి మొహాలు తెల్లబడి మనుషులై మా వైపు చూశారు. మంగ "అయ్యబాబోయ్" అని రెండడుగులు వెనక్కేసింది. హానా అక్కడ కూడా నవ్వుతోంది.

రేష్మాకి వీడియో కాల్ చేసి ఫోటో పంపాను. ఆమె దాన్ని కంప్యూటర్లో పెద్దది చేసి నాయనమ్మ ముందు పెట్టింది. జైతూన్ గారు మంచి కన్ను దగ్గరగా పెట్టి చాలాసేపు చూశారు. ఆ తర్వాత ఆవిడ గొంతు మారిపోయింది, ఎక్కాలు అప్పజెప్పే పిల్లలా.

"ఎడమ నుంచి యాకోబు, నాన్న. సారా, అమ్మ. రిబ్కా, నాయనమ్మ. వెనకాల దావీదు, అన్నయ్య. పక్కన హానా. కూర్చున్నది లేయా, వదిన." ఊపిరి తీసుకున్నారు. "మా యాకూబ్, మా దావూద్ లాంటి పేర్లే కదమ్మా, అందుకే మర్చిపోలేదు. ఇక లేయా ఒళ్ళో పాప... పాప..."

రాలేదు. మళ్ళీ యాకోబు నుంచి మొదలుపెట్టారు. మళ్ళీ అక్కడే ఆగిపోయారు. మూడోసారికి ఏడుపొచ్చేసింది. "నాకు చెప్పారమ్మా ఆయన. ఎన్నిసార్లు చెప్పించారో. నేనే పోగొట్టాను."

ఇటు మంగ కూడా ఏడుస్తోంది. సత్తిబాబు గారు చెరువు వైపు తిరిగి నిలబడ్డారు.

తిరిగొచ్చాక

మూడు పలకలూ తిరుగుదారిలో ఏలూరులో జైతూన్ గారి చేతికే ఇచ్చాను. ఆ చెయ్యి మిగిలిన అద్దం కూడా సత్తిబాబు గారు జాగ్రత్తగా ఊడదీయించి ఇచ్చారు. మంగ కిటికీకి కొత్త గాజు వేయించారు.

ఇంటికొచ్చాక, అప్పట్లో పోయిన యూదుల పేర్లు సేకరించి పెట్టే పరాయి దేశపు సంస్థ ఒకటి ఉందని తెలిసి, ఫోటోలూ ఆరు పేర్లూ ఎమిల్ కథా రాసి పంపాను. ఏడో పేరు దగ్గర 'పాప, పేరు తెలియదు' అని రాశాను. రెండు నెలలకి జవాబొచ్చింది. ఆ ఇంటివాళ్ళ పేర్లు దొరికాయన్నారు. యాకోబు, సారా, రిబ్కా, దావీదు, లేయా, హానా, ఎస్తేరు. ఎస్తేరు వయసు కూడా ఉంది, లెక్క కడితే ఫోటోలో పాపకి సరిపోయింది.

ఈ పేర్లు ఎక్కడ దొరికాయో కింద రాశారు. ఆ ఊరి యూదులను రైలెక్కించడానికి ఇంటి నంబర్ల వారీగా తయారుచేసిన జాబితాలో.

వాళ్ళని చంపడానికి రాసిన కాగితం ఆ పాప పేరు మర్చిపోకుండా ఉంచింది. ప్రేమించినవాళ్ళ దగ్గర మాత్రం ఆ పేరు లేకుండా పోయింది. వాళ్ళు పంపిన నకలులో ఆ పేరు అక్షరం తప్పు లేకుండా, శుభ్రంగా టైపు చేసి ఉంది. నేను కూడా అలాంటి పనిలో తప్పు లేకుండా చేసినందుకు మెచ్చుకోళ్ళు అందుకున్నదాన్నే.

జైతూన్ గారికి ఫోన్ చేశాను. ఎక్కడ దొరికిందో చెప్పకూడదనుకుని, "పాప పేరు తెలిసిందండి. ఎస్తేరు" అన్నాను.

ఆవిడ ఆ పేరు మెల్లగా రెండుసార్లు అనుకోవడం వినపడింది.

"ఎస్తేరు కాదమ్మా" అన్నారు జైతూన్ గారు. "అది కాగితం పేరు. ఇంట్లో ఎస్తీ అనేవారు. ఎస్తీ! ఎమిల్ గారు ఎత్తుకుంటే మీసం పట్టుకుని లాగేదంట. ఫోటో తీసేటప్పుడు ఎంతకీ ఏడుపు ఆపకపోతే, హానా వెనకనుంచి కోడిలా కూసిందంట. అందుకే అందరి మొహాల్లో నవ్వు. రాసుకోండమ్మా. ఎస్తీ అని రాసుకోండి."

రాసుకున్నాను.